తెగాల్సిన బోల్టు

వెల్డింగ్ షాపులో అన్న, చెల్లెలు. ఇద్దరి మధ్య నేల మీద, ట్రాక్టరుకి తగిలించి కంచె స్తంభాలకి గుంతలు తీసే మిషను.

“వీటిని బోల్టు కన్నాలంటారా ఎవరైనా? కోడి పెట్టిన గుడ్లలా ఉన్నాయి.”

“వెక్కిరించకు అన్నయ్యా. బాగవుతాయా, కావా?”

“ముందు చూడనీ. ఆ తీగ విప్పి, ఆ స్పానరు తీసెయ్. అడ్డమొస్తోంది.”

“విప్పా. ఎక్కడ పెట్టను?”

“బల్ల మీద పడెయ్. బావ రాలేదేం?”

“పడుకున్నాడు.”

“ఇంత పొద్దెక్కాకా?”

“మోకాళ్ళు. నిన్న గుమ్మం ఎక్కడానికి కూడా నా భుజం పట్టుకున్నాడు.”

“ట్రాక్టరు తోలేవాడికి మోకాళ్ళ నొప్పేంటి? కూర్చునే పనేగా.”

“కూర్చోనిస్తే కదా! బోల్టు తెగినప్పుడల్లా దిగాలి, కొత్తది వెయ్యాలి, మళ్ళీ ఎక్కాలి.”

“అది తెగడానికే ఉన్న బోల్టు. గుంత తవ్వే బర్మాకి రాయో వేరో తగిలితే ముందు అది తెగాలి. తెగితే గేరుబాక్సు దక్కుతుంది, మనిషీ దక్కుతాడు. ఎప్పుడో ఒకటి తెగితే మోకాళ్ళు పోతాయా?”

“ఎప్పుడో ఒకటి కాదు.”

“మరి?”

“తాగడానికి నీళ్ళు ఎక్కడ?”

“ఆ మూల, క్యాను. ఎన్ని తెగుతున్నాయి అంటున్నా.”

“చాలా. ఇవేంటి, ఇంత వేడిగా ఉన్నాయి?”

“వెల్డింగు షాపులో మంచు దొరుకుతుందా? మాట మార్చకు. ఇలా రా. ఇందులో ఇరుక్కున్న ముక్క చూడు.”

“చూస్తున్నా.”

“ఇది ఈ కన్నానికి పుట్టిన బోల్టు కాదు. ఇంత కన్నంలో ఇంత సన్నదా? తాత చెప్పులేసుకుని మనవడు తిరిగినట్టు, లొటలొటా కొట్టుకుంది. అందుకే కన్నం సాగింది. ఒక్క ఈ గొట్టానికే కాదు, లోపల ఇరుసుకి కూడా.”

“దొరికిందేదో వేసుంటాడు.”

“ఒకసారైతే దొరికిందనుకుందాం. ఇది నెలల అరుగుదల. బావకి బద్ధకం ఉందేమో గానీ ఇలాంటి చెత్తపని చెయ్యడు. ఎవరు వేశారు?”

“ఎవరో వేశారు. పోనీలే.”

“ఎవరో అంటే?”

“ఎవరో అంటే ఎవరో. నువ్వు కన్నాలు పూడుస్తావా, కూపీలు లాగుతావా?”

“నా మొహం చూసి చెప్పు.”

“నీ మొహం నిండా మసి. ఏం చూడమంటావ్?”

“చిన్నప్పుడు పలక పగలగొట్టినా ఇలాగే నేల చూపులు చూసేదానివి. నువ్వా?”

“అరవకు. రోడ్డు మీదకి వినిపిస్తుంది.”

“నువ్వేనా అంటున్నా.”

“రోజూ పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు. ఉన్నది తీసేసి సన్నది పెట్టేదాన్ని. తోటకి పట్టుకెళ్ళే బోల్టుల డబ్బాలోవి కూడా తీసేసి అన్నీ సన్నవే పోశా.”

“నీకేమన్నా పిచ్చా?”

“అవును, పిచ్చే. చొక్కా చిరిగిన రోజు నుంచీ పిచ్చే.”

“...అది ఇంకా మనసులో పెట్టుకున్నావా?”

“నువ్వు మర్చిపోయావా?”

“మర్చిపోతానా! ఒంటి మీద నూలుపోగు లేకుండా వచ్చి నా షాపు ముందే కదా కూలబడ్డాడు. గోనెపట్టా కప్పి నేనే తీసుకొచ్చా ఇంటికి.”

“బర్మా వేరులో ఇరుక్కుంది. తెగాల్సిన బోల్టు తెగలేదు. ఎందుకు తెగుతుంది? మాటిమాటికీ దిగలేక గట్టి బోల్టు బిగించుకున్నాడుగా మహానుభావుడు! మిషను ఎగిరి పడింది. ఏమైందోనని వెనక్కి వంగాడు. తిరిగే షాఫ్టు చొక్కా పట్టుకుని, లుంగీతో సహా చుట్టేసింది.”

“చొక్కాతో పోయింది. అదే పదివేలు.”

“ఎందుకు పోయిందో తెలుసా? పాత చొక్కా కాబట్టి. ఆ పొద్దున్న కొత్తది తీసిచ్చా. నేనే కుట్టా, రెండేసి కుట్లు వేసి. మట్టిపనికి కొత్తదెందుకు అని పక్కన పెట్టి వెళ్ళాడు. అది వేసుకునుంటే చిరిగేదా అన్నయ్యా?”

“ఊరుకో.”

“చిరిగేదా?”

“చిరిగేది కాదులే. ఊరుకో. ఆ తర్వాత గట్టి బోల్టు ముట్టనని ఒట్టేశాడు కదా?”

“నా నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ. వానలకి ముందే కంచె అయిపోవాలని తోటవాళ్ళు తరిమేసరికి ఆ ఒట్టు గట్టున పెట్టాడు. బట్టలు ఉతుకుతుంటే జేబులో గట్టి బోల్టులు! అడిగితే ట్రాక్టరు చక్రానివట. వెల్డింగువాడి చెల్లెలికి చెప్పే అబద్ధమేనా అది? తల మీద గట్టిదనం చెప్పే నంబరు చూస్తే నాకు తెలీదూ!”

“అప్పుడే కడిగెయ్యాల్సింది.”

“కడిగితే మళ్ళీ ఒట్టేస్తాడు. ఒట్లు వెయ్యడానికి నా నెత్తి ఉంది, బోల్టులు వెయ్యడానికి ఆ మిషను ఉంది. అందుకే నోరెత్తలేదు. మార్చేశా.”

“మార్చేదానివి మామూలు మెత్తవి పెట్టొచ్చుగా? సరైన సైజువి?”

“అవి తెగుతాయని నమ్మకమేంటి? ఒక్కసారి తెగకపోతే? సన్నదైతే గులకరాయి తగిలినా తెగుతుంది. తెగింది, దిగాను అని ఆయన విసుక్కుంటూ వస్తే నాకు ఆ పూట అన్నం సయించేది.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడుతున్నా. లేవలేక మంచం కోడు పట్టుకుంటాడు. రాయి నేల, పాడు నేల అని తిట్టుకుంటాడు. నేల కాదు అన్నయ్యా, నేను. ఆ మోకాళ్ళు అరగదీసింది నేనే. చెప్పలేను, మానలేను. అలిసిపోయా.”

“కూర్చో. ఆ స్టూలు కాదు, దానికి కాలు ఊగుతుంది. ఇటు కూర్చో.”

“ఊళ్ళోవాళ్ళ స్టూళ్ళన్నీ బాగుచేస్తావ్, నీది ఊగుతుంది.”

“మీ వదినా ఇదే అంటుంది. సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?”

“పెద్ద కన్నాలు పూడ్చేసి చిన్నవి వెయ్యి. సన్న బోల్టుకి సరిగ్గా పట్టేలా. అప్పుడు కన్నం సాగదు, గట్టిదీ దూరదు.”

“వెయ్యడానికేం? వెల్డింగుతో నింపి, నునుపు చేసి, గురి చూసి కన్నం వేస్తా. కానీ సన్నది ఎంత సరిగ్గా పట్టినా సన్నదే. గట్టి నేలలో నాలుగు చుట్లకి తెగుతుంది. రోజంతా దిగడం, ఎక్కడం.”

“తెలుసు.”

“బావ మోకాళ్ళో?”

“మోకాళ్ళకి మందుంది. అసలు మీ బావ ఏమన్నాడో అడగవేం?”

“ఏమన్నాడు?”

“మీ అన్నయ్య దగ్గరికి పట్టుకెళ్ళు, ఏ సైజు కన్నం వెయ్యాలో నువ్వే చెప్పు అన్నాడు.”

“నువ్వు చెప్పాలా? మిషను తోలేది ఆయనా, సైజు చెప్పేది నువ్వా?”

“విసుగొచ్చి అన్నాడులే. గోడ వైపు తిరిగి పడుకుని.”

“బావ విసుగొస్తే మిషన్ని తిడతాడు, నన్ను తిడతాడు. ఇలా అనడు. ఉండు. తోటలో బోల్టు తెగితే కొత్తది వేసుకునేది ఆయనే కదా?”

“ఆయనే. అక్కడ నేనెక్కడుంటా?”

“ఇన్ని నెలలు చేతిలో పట్టుకుని, సన్నదని తెలియలేదా?”

“వాషర్లు వేశా. గ్రీజు దట్టించా. ఆయనకి దగ్గరివి సరిగా ఆనవు, నీకు తెలుసుగా.”

“కంటికి ఆనదు సరే. చేతికి? అసలు బోల్టుకి పంతొమ్మిది నంబరు స్పానరు పడుతుంది. నీ సన్నదాని తలకి అది తగిలిస్తే వట్టినే గిర్రున తిరుగుతుంది. బిగుసుకోదు. నువ్వు దేంతో బిగించావ్?”

“నాన్న పట్టకారుతో. కుట్టుమిషను సొరుగులో ఉంటుంది, నా దగ్గరే.”

“మరి ఆయన?”

“ఆయన స్పానరుతో.”

“ఏ స్పానరు?”

“అదే, మిషనుకి తీగతో కట్టుకున్నాడుగా. ఇందాక నువ్వే విప్పించావ్.”

“ఇలా తే. వద్దు, నువ్వే చదువు. నంబరు ఎంత?”

“మట్టి పట్టింది.”

“గుడ్డ అక్కడుంది, తుడువు.”

“తుడుస్తున్నా.”

“ఎంత?”

“పదమూడు.”

“పదమూడు నీ సన్న బోల్టుకి తప్ప ఆ మిషన్లో ఇంకే బోల్టుకీ పట్టదు. నువ్వు కొన్నావా?”

“లేదు.”

“నేనివ్వలేదు.”

“అయితే... డబ్బాలోవి నేను మార్చినట్టు...”

“మొదటిసారి బిగించబోయినప్పుడే తెలిసిపోయుంటుంది. స్పానరు కొని, తోటలో పడిపోకుండా మిషనుకే కట్టుకున్నాడు. గట్టివి తెచ్చుకోలేక కాదు. నువ్వు పోసినవే వేసుకున్నాడు.”

“తెలిసే దిగాడా? దిగిన ప్రతిసారీ?”

“ఏడవకు. నాకు గురి కుదరదు. చెప్పు, ఏ సైజు వెయ్యను?”

“పెద్దదే వెయ్యి అన్నయ్యా. సరైన సైజువి, మెత్త బోల్టులు ఇవ్వు. ఈసారి డబ్బాలో పొయ్యను, ఆయన చేతికే ఇస్తా.”