ఈకలు రాల్చిన అంకెలు

నాయుడుపేటలో అఫ్జల్ ఫొటో స్టూడియో. పక్షుల ఫొటోల పోటీ ఫలితాలు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం. పులికాట్ ఒడ్డు పల్లె నుంచి ముఖేష్ వచ్చాడు.

"అఫ్జలన్నా, నేను నీకిచ్చింది రాజహంస. నువ్వు పోటీకి పంపింది రాజహింస!"

"కూర్చో అబ్బయ్యా. టీ చెప్తా."

"టీ వద్దు, మాట చెప్పు. 'స్పష్టత లేదు' అని కొట్టేసినారు. గెలిచుంటే పక్షుల కేంద్రంలో ఫొటోగ్రాఫర్ ఉద్యోగం. ఉద్యోగమన్నా! మా ఇంట్లో వల పట్టకుండా బతికే మొదటోణ్ణి నేనయ్యేవాణ్ణి."

"వాళ్లు రెండొందల కేబీ లోపల పంపమన్నారు. నీది పన్నెండు ఎంబీ. కుదిస్తే కొంచెం..."

"కుదించమన్నానా, కూల్చమన్నానా?"

"జేపెగ్ ఫైలంటే అంతే. కొంత పోద్ది."

"కొంతా? ఈకలన్నీ పోయినాయి! కోడిని కాల్చి పెట్టినట్టుండాది. నువ్వు పోటీకి పంపుకున్న కొంగ ఫొటో కూడా రెండొందల లోపలే గదా? దాంట్లో గోళ్లు లెక్కపెట్టొచ్చు."

"అది వేరే ఫొటో."

"వేరే సెట్టింగు! రెండు ఫైళ్లూ గూడూరులో కంప్యూటర్ షాపు గణేష్ చేత తెరిపించినా. లోపలుండే క్వాంటైజేషన్ పట్టిక చూపించినాడు."

"ఏ పట్టిక?"

"కొంగ జపం చెయ్యబాకు. నేర్పింది నువ్వే గదా. ఫొటోని ఎనిమిదింటికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తది, గడిని భాగించేదానికి పట్టికలో అరవైనాలుగు అంకెలు, అంకె పెరిగే కొద్దీ సన్నగీత చచ్చిపోద్దని. నీ పట్టికలో పదులు, ఇరవైలు. నా పట్టికలో అన్నీ రెండొందల యాభైఐదులు! దానికి మించి పై అంకె లేదంట."

"చెయ్యి జారి..."

"అరవైనాలుగు సార్లా? అదీ చేత్తో కొట్టినవంట. నా ఫైలు నలభై కేబీకే దిగింది. ఇంకా నూట అరవై జాగా ఉండగా ఎందుకట్టా పిండినావు? అది క్వాంటైజేషన్ కాదన్నా, కొంపతీసేషన్!"

"కొంపతీసేషనా!"

"నవ్వబాకు."

"నవ్వలా."

"పోనీ, నువ్వన్నా గెలిచినావా? నీకూ రాలా. మరెందుకన్నా? ఐదేళ్లు నీ వెనకాల లైట్లు మోసినా. ఎందుకు?"

"ఆ మూల ఒక్కటే తుడవాలనుకున్నా. దిద్దితే తీసుకోరంట, కత్తిరిస్తే తీసుకోరంట. కుదించడం ఒక్కటే ఒప్పుకున్నారు."

"ఏ మూల?"

"ఏం లేదులే."

"ఏ మూలన్నా?"

"...నువ్వు పక్షుల్నే చూసినావు. నీ కెమెరా కార్డులో ఒరిజినల్ ఉండాది గదా, ఈ కంప్యూటర్లో తెరువు. ఎడమ పక్క, పైన. పెద్దది చెయ్యి. ఇంకా."

"పడవ. మా పడవే. నాయన... నాయన చేతిలో ఏందది?"

"చూడు."

"రెక్కలు. రెండు... మూడు పక్షులు... అన్నా, ఉచ్చులు!"

"పోటీ పెట్టింది అటవీశాఖ."

"అయితే నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు గదా! వేరే ఫొటో పంపేవాణ్ణి! నా తలరాత రాసేదానికి నువ్వెవురు?"

"కార్డు నాకెవరు తెచ్చిచ్చినారు ముఖేషూ?"

"నాయన. ఆయన ఈడికి బస్సులో వస్తావుంటే ఆయన చేతే పంపినా."

"నేను వేరే ఫొటో పంపుదామనే అన్నా అబ్బయ్యా. ఆయనే, 'ఇదే చెడగొట్టి పంపు, వాడికా ఉద్యోగం వస్తే రేపు మమ్మల్నే పట్టిస్తాడు' అని, ఈ కుర్చీలో కూర్చోని, పక్షి పక్షిలా లేకుండా పోయిందాకా 'అంకె ఇంకొంచెం పెంచు, ఇంకొంచెం' అంటానే ఉన్నాడు."