కొత్త ఊళ్లో వంతులు

ఇంగ్లీషు నేత పట్టణం ఓల్డ్‌హామ్‌లో, 1832లో, సహకార సంఘం సభ మధ్యలోంచి నేతగాడు ఏబెల్ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. భార్య టాబిథా అంట్లు తోముతోంది.

"ఒసేయ్, కొత్త ఊరు కడుతున్నారే! మన పేర్లు రాయించేశా. అక్కడ యజమానులే ఉండరు. భూమీ, మగ్గాలూ అందరివీ!"

"మరి వంటో?"

"మూడొందల మందికీ ఒకటే వంటిల్లు!"

"వండేదెవరు?"

"ఆడవాళ్లే, వంతులవారీగా."

"మూడొందల మంది అంట్లా? నా పేరు కొట్టించెయ్."

"నువ్వు లేకుండా నేనెలా పోతానే?"

"సభలో ఆడవాళ్లు కూడా ప్రశ్నలు అడగొచ్చన్నావు కదా?"

"అడగొచ్చు. ఇప్పుడవే నడుస్తున్నాయి."

టాబిథా పీచు అతని చేతిలో పెట్టి, శాలువా అందుకుంది.

"మగవాళ్లకీ వంతులుంటాయా అని అడిగొస్తా."

"అందరూ నవ్వుతారే!"

"నవ్వనీ. మా ఆయన అప్పుడే మొదలెట్టేశాడని చెప్తా."