వేలు మానేదాకా

అక్క వేలు బెణికిన కాలిని దిండు మీద పెట్టుకుంది. ఆమె బదులు వేదికెక్కి నాట్యం చేసొచ్చిన చెల్లెలు, అక్క వాచిన బొటనవేలిని పక్కవేలితో కలిపి కట్టు కడుతోంది.

"వాపు కాస్త తగ్గిందక్కా."

"అయితే రేపు నేనే ఆడతా."

"మూడు వారాలు వేలి మీద బరువు పడకూడదన్నాడుగా డాక్టరు!"

"చప్పట్లు కొట్టారా?"

"అందరూ నిన్నే అడిగారు."

"నేనడిగింది చప్పట్ల గురించి."

"కొట్టారు. లేచి నిలబడి మరీ."

"చివర్లో గిర్రున తిరిగేటప్పుడు తడబడ్డావటగా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదే. తడబడాలని సాయంత్రమంతా కోరుకున్నా."

చెల్లెలి చేతులు ఆగిపోయాయి.

"తడబడలేదక్కా."

అక్క కాలు ఆమె ఒళ్లోకి జరిపింది.

"సరే, సరిగ్గా కట్టు. వేలు మానేదాకే నీ ఆట. ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వను."