డాగోగో తీసిన పోగులు

ఏంటే నస్రతూ అది? ఇంకోసారి పెట్టు. అట్టా కాదు, ఫోను నా చెవి దగ్గరకి తే. ఆఁ... ఆగు, మాట్లాడకు. వాడే! డాగోగో! ఎందుకే నవ్వుతావు, మీ తాతకి చెవుడొచ్చింది గానీ మతి పోలా. ఈ గిటారు వాయించేది నైజీరియా ఆయన, అవునో కాదో ఆ కింద రాసింది చదువు. చూశావా మరి! ఆయన మన చీరాల్లో, మా భావనారాయణ ఇంటి వసారాలో, చాప మీద కూర్చుని వాయించాడు. నేను పక్కనే ఉన్నా. డాగోగో అనటానికి నోరు తిరక్క వీధి వీధంతా గోగయ్య అనేవాళ్ళు. పలికేవాడు కూడా, అంత మంచోడు. మనిషి గుమ్మం కంటే ఎత్తు. మరిచిపోయి రోజూ ద్వారబంధానికి తల గుద్దుకునేవాడు, గుద్దుకుని మళ్ళీ ఆయనే నవ్వేవాడు. పేరమ్మొదిన, అదే భావనారాయణ భార్య, "అయ్యో నాయనా, వంగి రావయ్యా" అని తెలుగులోనే అరిచేది. ఆయనకి అర్థమయ్యేది. ఎట్టా అయ్యేదో నాకు తెలీదు.

ఎందుకొచ్చాడా? చెప్తా, తొందరెందుకు. ఇప్పుడు చీరాలంటే చీరలూ డ్రెస్ మెటీరియలూ అంటారు గానీ, ఒకప్పుడు మన దగ్గర నేసిన గళ్ళ రుమాళ్ళు ఓడలెక్కి ఆఫ్రికా పొయ్యేవి. రుమాలంటే ముక్కు తుడుచుకునేది కాదే పిచ్చిదానా, ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునేంత గుడ్డ. నేసేది మనం, కట్టేది వాళ్ళు. మన వీధిలో ఒక్క ఆడకూతురు కూడా దాన్ని ఒంటి మీద వేసుకోగా నేను చూళ్ళేదు. మా నాన్నది దూదేకే పని, అది పోయాక నేను భావనారాయణ షెడ్డులో బేళ్ళు కట్టే పనికి చేరా. మద్రాసు కంపెనీ నుంచి మాలిక్ గారని ఒకాయన సరుకు చూసుకోటానికి వస్తుండేవాడు, ఆయన ధర్మమా అని నాకూ నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుబడ్డాయి. తర్వాతేమో ఆ నైజీరియా వాళ్ళు బయటి గుడ్డ రానియ్యటం ఆపేశారు. మగ్గాలు మూలపడ్డాయి. అట్టాంటి రోజుల్లో ఒక పొద్దున మద్రాసు బండి దిగి, గిటారు పెట్టె భుజానేసుకుని, మాలిక్ గారు రాసిచ్చిన చిరునామా పట్టుకుని వచ్చాడు ఈయన. రిక్షావాడు మా షెడ్డు ముందు దించి, "సిలారన్నా, నీ ఇంగ్లీషుకి పనిబడింది, బయటికి రా" అని కేకేశాడు.

అప్పటికే పేరున్నవాడమ్మా. రికార్డులు వచ్చినై. మాకేం తెలుసు? ఓడలో బ్యాండు వాయిస్తాడంట, ఆ ఓడ మద్రాసులో ఆగితే దిగొచ్చాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తన సంగతులు చెప్పేవాడు. వాళ్ళ ఊరు ఉప్పుటేర్ల మధ్యలో ఉంటుందంట, పడవ లేందే పక్కింటికి పోలేరు. చిన్నప్పుడు కల్లుపాకలో ఓడ కళాసీలు గిటార్లు వాయిస్తుంటే దూరం నుంచి చూసి వేళ్ళు నేర్చుకున్నాడంట. వాళ్ళ నాన్న చర్చిలో పాటలు పాడించేవాడు, అక్కడ శృతి పట్టుబడింది. క్యూబా దేశం పాటలు రేడియోలో వచ్చేవంట, అవి వినీ వినీ వాయించే నడక మార్చుకున్నాడు. తర్వాత వాళ్ళ దేశంలోనే పట్నంలో హోటల్ బ్యాండు, ఆ తర్వాత సొంత బ్యాండు. ఇంతలో వాళ్ళ దేశంలో యుద్ధమొచ్చి అన్నీ చెట్టుకొకటీ పుట్టకొకటీ అయిపోయినై. నేనడిగా, "ఇంతమంది దగ్గర నేర్చుకున్నారు గదండీ, మీ గురువెవరు?" అని. ఠక్కున "మా అమ్మ" అన్నాడు. "ఆమె కూడా వాయించేదా?" అన్నా. "లేదు, గుడ్డల పని చేస్తది" అన్నాడు. నేనేమో కుట్టుపనేమోలే అనుకుని ఊరుకున్నా. గుడ్డలు కుట్టే ఆమె గిటారేం నేర్పిద్దీ అని మనసులో నవ్వుకున్నా కూడా.

ఆమె కోసమే వచ్చాడు. మంచాన పడిందంట తల్లి. వాళ్ళు కలబరి అని ఒక తెగ. వాళ్ళలో పెద్దామె పోతే మంచం అలంకరిస్తారంట. తరాల నుంచి పెట్టెలో దాచిన గుడ్డలన్నీ తీసి మడతలేసి పరిచి, దాని మీద పడుకోబెడితే ఊరంతా వచ్చి చూస్తారు. గుడ్డల్లేని మంచం మీద పడుకోబెట్టారంటే ఆ మనిషి బతుక్కి విలువ లేనట్టే. ఈమె పెట్టె యుద్ధంలో ఇంటితోపాటు తగలబడిపోయింది. "ఊళ్ళో సగం మంది మంచాలకి మా అమ్మ చెయ్యి పడింది సిలార్, ఆమె మంచానికి పీలికన్నా లేదు" అని చెప్తూ అంత మనిషీ కళ్ళు తుడుచుకున్నాడు. పాత రకం గళ్ళు కావాలి, ఓడ కదిలేలోపు కావాలి. ఆ గళ్ళు నేసి ఎన్నేళ్ళయిందో! భావనారాయణ విని, "తల్లి కోసమంటున్నాడుగా, నేనే కూర్చుంటా" అన్నాడు. పదిమంది చేత నేయించే మాస్టర్ వీవరయ్యాక మగ్గం గుంటలో కాలు పెట్టని మనిషి, మోకాళ్ళ నొప్పులోడు, దిగాడు. పేరమ్మొదిన కండెలు చుట్టటం, ఆయన నేయటం. ఈయనేమో గుంట పక్కనే కూర్చుని ఆ చప్పుడు వింటా ఉండేవాడు. అన్నం తినమన్నా కదిలేవాడు కాదు.

మొదటి రుమాలు మగ్గం దిగింది. ఇక్కడే వచ్చింది తంటా. మనకో పద్ధతుంది చూశావా, కొత్త గుడ్డకి మూల పసుపు పెట్టందే ఎవరూ ముట్టరు, అందులో భావనారాయణకి మరీ పట్టింపు. వదిన పసుపు కోసం లోపలికి వెళ్ళిందో లేదో, డాగోగో గుడ్డ వసారాలోకి తీసుకుపోయి, జేబులోంచి గడ్డం బ్లేడు తీసి, పోగు మీద పోగు కొయ్యటం మొదలుపెట్టాడు! కోసి, గోటితో పట్టి లాగి అవతల పారేస్తున్నాడు. భావనారాయణ గుంటలోంచి చూశాడు. మోకాళ్ళ నొప్పులేమైనయ్యో, ఒక్క ఎగురున బయటికొచ్చాడు. "ఒరేయ్ సిలారూ! అడగరా ఆయన్ని! నా గుడ్డలో ఏం తప్పు కనపడిందని కోస్తున్నాడో అడుగు! పసుపన్నా పెట్టలేదురా! బిడ్డ పుట్టీ పుట్టకముందే పీక మీద కత్తి పెట్టినట్టు!" ఊగిపోతున్నాడు. నేను ఇంగ్లీషు వెతుక్కునేలోపే గుడ్డ లాక్కుని, "ఇంక నేను నెయ్యను. పొమ్మను. ఓడెక్కి పొమ్మను!" అని మగ్గం మీద దుప్పటి కప్పేశాడు. నెయ్యాల్సిన పడుగు ఇంకా మిగిలుండగా మగ్గం కప్పాడంటే చూడు, ఎంత కోపమో.

డాగోగోకి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాతో ఏదో గబగబా చెప్తున్నాడు, నా నాలుగు ముక్కలకి అది అందట్లా. "కటింగ్, మదర్, కటింగ్" ఇంతే అర్థమైంది నాకు. అదే చెప్తే భావనారాయణకి ఇంకా మండింది. ఇంక డాగోగో ఏం చేశాడంటే, చాప మీద కూర్చుని గిటారు తీశాడు. ముందు ఒక పాట వాయించాడమ్మా, అబ్బో, వడగళ్ళ వానే. వేళ్ళు కనపడలా. తర్వాత అదే పాట మళ్ళీ, ఈసారి అక్కడక్కడా వదిలేస్తా. మళ్ళీ అదే, ఇంకొన్ని వదిలేస్తా. చివరికి ఏదో ఇంత మిగిలింది. కానీ పాట పోలేదే! వాయించనిది కూడా నా చెవిలో వినపడతా ఉంది. అసలు అప్పుడే, ఖాళీ అయ్యాకే, ఇంకా బాగా వినపడింది నాకు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగారు. అయినా భావనారాయణ మాత్రం గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

వదిన కండెల బుట్ట పక్కన పెట్టింది. మొగుడి ఒళ్ళోంచి ఆ గుడ్డ తీసుకుని గుమ్మంలోకి పోయి ఎండకి ఎదురుగా పట్టింది. చాలాసేపు చూసింది. "ఏమయ్యా, ఇటు రా" అంది. రాలా. "రమ్మంటే రావయ్యా, నీ పంతం పాడుగాను!" పోయాడు. నేనూ పోయా. పోగులు తీసేసిన చోట వెల్తురు పడి, మనం నేసిన గళ్ళలోంచే వేరే గళ్ళు లేచినై. జల్లెడలాగా ఉంది, పువ్వులాగానూ ఉంది. వదిన అంది, "ఈయన చింపలేదయ్యా. ఇన్ని పోగులు తీసినా మిగతా పోగులు జారలేదు చూడు. నువ్వు గట్టిగా నేశావు గనక నిలబడింది, వేరే గుడ్డయితే ఈపాటికి చేతిలోకి వచ్చేది." అప్పుడు నాకు లైటు వెలిగింది. వాళ్ళమ్మది కుట్టుపని కాదు, ఇదీ పని! మన దగ్గర కొన్న గుడ్డలోంచి పోగులు తీసి కొత్త గుడ్డ చేసే పని. అది కలబరి ఆడవాళ్ళ విద్యంట. గుడ్డ మంచిదో కాదో కోసి చూసుకోమని తల్లే చెప్పి పంపించింది. అప్పుడడిగా మళ్ళీ, అమ్మ గురువెట్టా అయిందో నిదానంగా చెప్పమని. "తీగెలు మీటటం అందరూ నేర్పారు. ఎక్కడ మీటకూడదో మా అమ్మ నేర్పింది" అన్నాడు. భావనారాయణకి తెలుగులో చెప్పా. ఆ గుడ్డ అంచు బొటనవేలితో నిమిరి నిమిరి చూసుకున్నాడు. పోయి దుప్పటి తీసి గుంటలో దిగాడు. దిగి, "పోగు ఇంకొంచెం దగ్గరగా కొడతానని చెప్పురా, కోసుకోటానికి బాగుంటది" అన్నాడు. అదీ మనిషంటే!

గుడ్డలు తీసుకుని ఓడ అందుకున్నాడులే. ఇప్పుడా పాట పెట్టు, ఇందాకటిది. విను. ఆ దరువు... టక్, టక్... మగ్గమే కదా? ఆఁ, ఇక్కడ! ఆగింది చూడు. పోగు తెగితే భావనారాయణ ఆపి ముడేసుకునే టైము అది. ఎంత పట్టాడమ్మా ఆ మనిషి! చాలామంది చప్పుడు పడతారు, ఈయన ఆగటం పట్టాడు. ఆ తర్వాతే లండన్లో రికార్డులు, పెద్ద పెద్ద హాళ్ళు. మాలిక్ గారు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు, పేపర్లో ఫొటో వచ్చిందని, వాళ్ళ దేశంలో పిల్లలందరూ అట్టాగే వదిలేసి వదిలేసి వాయిస్తున్నారని. మాకు ఛాతీ ఇంత అయ్యేది. ఇంకోటి, ఆ తల్లికి గుడ్డలు చేరినై. చూసి లేచి కూర్చుందంట! మంచాన పడ్డ మనిషి బ్లేడు తెమ్మని, ఒక్కో పోగూ తీసుకుంటా, తన మంచానికి తనే గుడ్డలు తయారు చేసుకుంటా బతికేసింది ఏళ్ళకేళ్ళు.

ముందు కొడుకు పోయాడు.

ఏదో జ్వరమంట. మంచి పేరులో ఉండగా పోయాడు. వాళ్ళ వాళ్ళు వేరే గుడ్డలు తెస్తామంటే ఆ తల్లి ఒప్పుకోలేదంట. తన కోసం దాచుకున్నవన్నీ పెట్టెలోంచి తీసి తన చేత్తోనే కొడుకు కింద పరిచేసింది. మాలిక్ గారు చెప్తుంటే భావనారాయణ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికి షెడ్డులో అన్నీ పవర్లూములే, గుంట మగ్గం ఒక్కటే మిగిలుంది, దాని మీద బియ్యం బస్తాలు పెట్టారు. వదిన అంది, "మరి ఇప్పుడు ఆ తల్లి మంచానికేముందయ్యా?" మళ్ళీ తనే అంది, "ఏం లేదుగా. అయితే లే. సిలారూ, ఆ బస్తాలు దించు." దించా. ఎవరూ అడగలేదమ్మా, ఎవరూ చెప్పలేదు. ఇద్దరూ ముసలాళ్ళు, చూపు ఆనట్లా, కూర్చుని నేశారు. నేనే మూట కట్టి మాలిక్ గారి చేతిలో పెట్టా. ఆయన మళ్ళీ రాలా. ఆ గుడ్డ ఆమెకి చేరిందో, ఆమె అప్పటికి...

నువ్వు పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావటే?