క్రేన్ ఎక్కే ముందు రెండు మాత్రలు

అబ్బా, ఎంత చల్లగా ఉందక్కా! ఆ జిగురేదో కాస్త వెచ్చబెట్టి పూయకూడదూ? ఒంటి మీద ఇన్ని అతుకులేమిటి, ఇన్ని తీగలేమిటి! నేను నడిపే క్రేనుకి కూడా ఇన్ని తీగలుండవు, తెలుసా? మీరు నవ్వకండి. మీరు నవ్వితే నాకూ నవ్వొస్తుంది, నేను నవ్వితే ఆ తెర మీద గీత గంతులేస్తుంది, చూడండి చూడండి, వేసింది!

అవునక్కా, క్రేనే. కట్టే బిల్డింగుల పక్కన పొడుగ్గా, పసుపు రంగులో నిలబడుంటుంది చూడండి, అది. దాని నెత్తిన ఓ గాజు గది ఉంటుంది, కుర్చీ పట్టేంత. ఆ కుర్చీ నాది. ఏమిటలా చూస్తున్నారు? నర్సమ్మ గారు కూడా అలా చూస్తే ఇంక నేనెవరితో చెప్పుకోను? తొమ్మిదేళ్ళ నుంచి నడుపుతున్నా. ఒక్క ఇటుక జారలేదు, ఒట్టు.

పైకెక్కడానికి లిఫ్టా? భలేవారే! నిచ్చెన. నిట్టనిలువు ఇనప నిచ్చెన, రెండొందల ఎనభై మెట్లు. పొద్దున్న ఎక్కితే మళ్ళీ మధ్యాహ్నమే దిగడం. మధ్యలో దాహమేస్తే సీసా ఉంది. మిగతా వాటికి... సరే, అదీ ఆడవాళ్ళం ఏదో తంటాలు పడతాం. కడుపు పాడైతేనే, ఇక దేవుడే దిక్కు.

బయట బెంచీ మీద పచ్చ జాకెట్టు, బుంగమీసాలు, గోళ్ళు కొరుక్కుంటున్నాడే, ఆయనే మా ఆయన. సైట్లో నా సిగ్నల్‌మన్ కూడా ఆయనే. కింద నిలబడి వాకీటాకీలో ఎడమకి, కుడికి, మెల్లగా, ఇంకొంచెం దించు అంటుంటాడు. పొద్దంతా ఆయన ఆడించినట్టు ఆడతాను. ఇంటికెళ్ళాక వాకీటాకీ నా చేతికొస్తుందనుకోండి.

ఏం జరిగిందంటారా? ఏముంది, మధ్యాహ్నం ఇనప చువ్వల కట్ట ఎత్తుతున్నా. ఉన్నట్టుండి గుండె దడదడమని ఎవరో తలుపు బాదినట్టు కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ బాదింది. కళ్ళ ముందు బిల్డింగ్ రెండైంది. కట్టని మెల్లగా కింద పెట్టి, అన్నీ ఆపి, తాళం వేసి, దిగుతున్నానని రేడియోలో చెప్పి మరీ దిగాను. ఆ మాత్రం పని తెలిసినదాన్నే. ఆఖరి పది మెట్లు మాత్రం కాళ్ళు నా మాట వినలేదు. మా ఆయన పట్టుకున్నాడు. పెళ్ళై పన్నెండేళ్ళైంది, నన్ను ఎత్తుకోవడం ఇదే మొదలు. ఎత్తుకుని పరిగెడుతూ, "ఇంత బరువున్నావేమిటే" అన్నాడు! ఆ టైములో! నేను వాంతి చేసుకుంటూ కూడా నవ్వాను.

మందులా? ఆ, వేసుకున్నాను. విరేచనాలు ఆగడానికి వేసుకుంటారే, ఆ చిన్న మాత్ర. పొద్దుటి నుంచి ఆరుసార్లు వెళ్ళాను మరి. ఎన్నా... రెండు. రెండేనక్కా.

అమ్మో, అక్కడ నొక్కకండి! గట్టిగా ఉందా? ఏమోనక్కా, నా కడుపు మొదట్నుంచీ గట్టిదే. విరేచనాలైన కడుపు ఇలా రాయిలా ఉండదంటారా? ఉంటుందేమో, మీరు చూసి ఉండరు. సరే సరే, మీకే ఎక్కువ తెలుసు, నేనేం అనట్లేదు.

చెప్పండి, వింటున్నా. మొదట రెండు, తర్వాత నీళ్ళలా వెళ్ళినప్పుడల్లా ఒక్కోటి, రోజు మొత్తం మీద నాలుగు దాటకూడదు. డాక్టరు చెప్తే తప్ప. రెండు రోజులకీ తగ్గకపోతే మానేసి ఇక్కడికి రావాలి. జ్వరమున్నా, రక్తం పడినా అసలు ముట్టుకోకూడదు. చిన్నపిల్లలకి సొంతంగా వెయ్యకూడదు. అన్నిటికంటే ముందు ఆ ఉప్పూ చక్కెరా పొడి కలిపిన నీళ్ళు తాగాలి. ఇదంతా పెట్టెలో కాగితం మీద రాసుంటుందా? ఎవరు చదువుతారక్కా దాన్ని! అన్నేసి మడతలు, చీమలంత అక్షరాలు. అంత ఎత్తు నుంచి కింద మేకు పడితే కనిపెడతాను గానీ ఆ కాగితం నా వల్ల కాదు.

అయితే నాలుగు. నాలుగు వేసుకున్నానక్కా. ఇందాక రెండన్నానా? కంగారులో అనుంటాను. నాలుగు తప్పు కాదుగా, మీరే అన్నారుగా ఇప్పుడు.

ఆ కాగితం ఎక్కడికెళ్తుంది? మీరు రాస్తున్నారే, అది. మా సేఫ్టీ ఆఫీసరుకి ఓ కాపీ వెళ్తుందా? ఊరికే అడిగాను. ఆయన దాన్ని చూసి సంతకం పెడితేనే నేను మళ్ళీ ఎక్కేది. గుప్పెళ్ళకొద్దీ మాత్రలు మింగే మనిషిని ఆయన నిచ్చెన దగ్గరికి కూడా రానివ్వడు. గుప్పెళ్ళకొద్దీ అని మాటవరసకన్నా! అంత సూటిగా చూడకండక్కా, భయమేస్తోంది.

మీకో సంగతి చెప్పనా? నవ్వుతారు. నవ్వాలి కూడా, అందరూ నవ్వారు. మూడు వారాల కిందట నిజంగానే నాకు కడుపు చెడింది. పైన ఉన్నా. పొట్టలో ఓ మెలిక తిరిగింది. సరే దిగుదాం అనుకున్నా. రెండొందల ఎనభై మెట్లక్కా! నూరో మెట్టు దాకా దేవుడికి మొక్కుతూ దిగాను. నూటయాభై దగ్గర దేవుడి మీద కోపమొచ్చింది. రెండొందల దగ్గర... ఇంకేం చెప్పను, దేవుడు ఫోను ఎత్తలేదు. నిచ్చెన కింద రాడ్డు వంచేవాళ్ళు పన్నెండు మంది తల ఎత్తి చూస్తున్నారు.

అదిగో, మీరూ నవ్వారు! నవ్వండి, నవ్వండి, నాకూ వస్తోంది. ఆ తెర మీద గీతకి కూడా నవ్వొచ్చినట్టుంది.

మర్నాటి నుంచి నా పేరు కుళాయి. అంతకుముందు గద్ద అనేవారు, పై నుంచి అన్నీ చూస్తానని. ఆ పేరంటే నాకు లోలోపల ఎంత గర్వమో! ఒక్క పూటలో గద్ద పోయి కుళాయి వచ్చింది. వాకీటాకీలో ఎవడో "కుళాయి గారూ, నీళ్ళొచ్చాయా?" అంటాడు, సైటంతా పకపకలు. పైన గాజు గదిలో ఒక్కదాన్నే కూర్చుని అన్నీ వింటాను. చెవులు మూసుకోడానికి లేదు, రెండు చేతుల్లోనూ క్రేను లివర్లుంటాయి కదా.

ఏమిటా సూది? వాంతులు ఆగడానికా? డాక్టరు గారు రాశారా? వెయ్యండి, సూదికి భయపడే మనిషిలా ఉన్నానా నేను?

మళ్ళీ అదే ప్రశ్నా! చెప్పానుగా, నాలుగని.

ఎందుకు? ఆ మాత్రలు ఎక్కువైతే గుండె లయ తప్పుతుందా? అంత చిన్న మాత్రకా? కడుపు మాత్ర కడుపులో ఉండక గుండె దగ్గరికెందుకెళ్ళింది? దాని మీద ఈ సూది కూడా పడితే... ఇది కూడా గుండెనే పట్టుకుంటుందా? రెండూ కలిస్తే ఆగిపోవచ్చా?

నాలుగే అయితే ఫర్వాలేదు. అంతేగా? వెయ్యండి అయితే.

ఆగండి. ఆగండక్కా. చెయ్యి తీసేయండి. ఎనిమిది.

ఎనిమిది కూడా కాదు. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి, చెప్తాను. ఆ తలుపు దగ్గరగా వెయ్యండి, మా ఆయన వింటాడు.

ఆయనకి తెలీదు. ఇంట్లో ఎవరికీ తెలీదు. పనిముట్ల సంచీలో, చేతి తొడుగుల కింద పెట్టుకుంటా. రోజుకో మందుల షాపులో కొంటా, ఒకే చోట కొంటే అడుగుతారని. మొదట ఎక్కే ముందు రెండే వేసుకునేదాన్ని. రెండు కడుపుకి చాలేవి, నా ధైర్యానికి చాలేవి కాదు. నాలుగు చేశాను. వారం తిరిగేసరికి ఆ నాలుగూ చాలలేదు. నిచ్చెన మీద కాలు పెట్టగానే పొట్టలో ఏదో కదిలినట్టుంటుంది, ఇంకోటి వేస్తా. ఏమీ కదల్లేదని నాకూ తెలుసక్కా. మూడు వారాలుగా కదలాల్సింది కూడా కదలట్లేదు, మీరే నొక్కి చూశారుగా. నవ్వొస్తోంది కదూ! నాకూ వస్తోంది, ఏడుపు లాంటి నవ్వు.

పన్నెండు మంది నవ్వితే పట్టించుకునేదాన్ని కాదు, నిజం. సైటన్నాక నవ్వుతారు, నేనూ ఎంతమందిని చూసి నవ్వలేదు! కానీ మర్నాడు కుళాయి అని మొదట ఎవడో అనగానే, వాకీటాకీ నొక్కి పట్టుకుని ఇంకో మనిషి కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. పన్నెండేళ్ళుగా పక్కన వింటున్న నవ్వు. చెడ్డవాడు కాదక్కా, మంచివాడే, ఇవాళ నన్ను ఎత్తుకుని పరిగెత్తాడు, చూశారుగా మీసాలు ఎలా తడిసిపోయాయో. నవ్వొచ్చింది, నవ్వాడు. అంతే. నాకే అది చెవుల్లో ఉండిపోయింది.

సూది పక్కన పెట్టేశారా? మంచిది. డాక్టరు గారిని పిలవండి. పెన్ను తియ్యండి. ఆఫీసరు చూస్తే చూడనీ, ఎక్కనివ్వకపోతే మానె, కింద ఇసుక జల్లెడ పట్టుకుంటా.

పద్నాలుగు. ఎక్కే ముందు పది, పైకెళ్ళాక నాలుగు. నిన్న పన్నెండు.

విరేచనాలా? ఆరుసార్లని రాశారా? కొట్టెయ్యండి. ఒక్కసారి కూడా లేదు. ఇవాళా లేదు, నిన్నా లేదు, ఆ రోజు తర్వాత మళ్ళీ రానేలేదక్కా. వస్తాయేమోనని వేసుకున్నాను.