చిన్న మోటారు చాలంటాడు మా అల్లుడు

(మోటార్ల కొట్టులో కూర్చోడానికి ఉన్నది ఒకటే స్టూలు. దాని మీద అత్తగారు కూర్చుంది. ఆవిడ వెనక చేతులు కట్టుకుని అల్లుడు నిలబడ్డాడు. బల్లకి అవతల కొట్టాయన.)

“ఇదా? ఇదేం మోటారు నాయనా! దీన్ని నా చేతిసంచిలో వేసుకుని పోవచ్చు. సెల్లారులో నీళ్ళు తోడాలి, మోటారు చూపించమంటే ఉగ్గుగిన్నె చూపిస్తావేంటి?”

“మీ అల్లుడుగారే చిన్నది చాలన్నారమ్మా.”

“ఆయనకన్నీ చిన్నవే చాలు. చిన్న ఉద్యోగం చాలు, చిన్న గొంతు చాలు. ఆయన్నడిగితే చెంచాతో తోడేద్దాం అంటాడు.”

“అది కాదత్తయ్యా...”

“ఏది కాదు?”

“ఏం లేదు.”

“చూశావా నాయనా? ఇదీ వరస. ‘అది కాదు’ అంటాడు. ఏది కాదయ్యా అంటే ‘ఏం లేదు’ అంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ రెండు ముక్కలతోనే సంసారం లాక్కొస్తున్నాడు.”

“మోటారంటే చీర కాదమ్మా, చూసి నచ్చింది పట్టుకుపోడానికి. నీళ్ళు ఎంత జోరుగా ఊరుతున్నాయి, ఎంత ఎత్తుకి తోడాలి, ఈ రెండూ తెలిస్తే సైజు దానంతటదే తేలుతుంది. మరీ పెద్దది పెట్టారనుకోండి, గుంట చిటికెలో ఎండగొట్టి ఆగిపోతుంది. మళ్ళీ ఊరగానే లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. అలా లేచీ కూర్చునీ మాడి చస్తుంది. మరీ చిన్నదైతే ఆగకుండా తిరిగి తిరిగి...”

“అదీ చస్తుంది. తెలిసింది. చావనిది ఇవ్వు.”

“అందుకే అడుగుతున్నా. సెల్లారులో గుంట తవ్వించారా?”

“ఓ మూలగా తవ్వించాను, బాన పట్టేంత. నేలంతా అటే వాలు. ఎక్కడ చుక్క పడ్డా అందులోకే చేరుతుంది.”

“గుంట అడుగునుంచి బయట కాలవ దాకా ఎంత ఎత్తు?”

“మనిషి మీద మనిషి నిలబడినంత. మనిషంటే మా అల్లుడనుకునేవు, కాస్త పొడుగు మనిషి.”

“సరే. గుంట ఎంతసేపట్లో నిండుతుంది?”

“నాకేం తెలుసు? నావి మోకాళ్ళు కావు, తలుపు బందులు. మెట్లు దిగితే ఎక్కలేను. రోజూ దిగి చూసేది ఆయనే. చెప్పవయ్యా, నోరు ఎవరికైనా అరువిచ్చి వచ్చావా?”

“గుంటా? ఏడెనిమిది బకెట్లకి నిండుతుంది.”

“బకెట్లు కాదు బాబూ, ఎంతసేపట్లో అని. నిమిషాల్లో చెప్పండి.”

“అదే... నిమిషాలంటే...”

“తోడేటప్పుడు బకెట్లు లెక్కపెట్టి ఉంటాడులే. నువ్వు తర్వాత ప్రశ్న అడుగు.”

“నీళ్ళు ఎప్పుడు ఎక్కువ వస్తాయి బాబూ? వాన కురుస్తున్నప్పుడా, వెలిశాకా?”

“వానప్పుడే. అంటే, వానప్పుడు కూడా.”

“కూడా అంటే? వాన లేనప్పుడూ వస్తాయా?”

“వస్తాయి. అప్పుడప్పుడు.”

“మొన్న అంత వాన పడిందే, నా కొట్టులోకే వచ్చేశాయి నీళ్ళు. ఆ రోజు మీ సెల్లారులో ఎంత లేచాయి?”

“ఆ రోజు నేను ఊళ్ళో లేను.”

“నువ్వు లేకపోతే నీళ్ళు నీకోసం గుమ్మంలో ఆగుతాయా? వచ్చాయా, రాలేదా?”

“రాలేదత్తయ్యా.”

“విన్నావా! వీధి వీధంతా మునిగిన రోజున మా సెల్లారు పొడి పొడిగా ఉంది. ఈయన ఊరినుంచి దిగాడు, మర్నాటికి గుంట నిండి మంచం వేద్దామనుకున్న చోటు దాకా మడుగు. మా నీళ్ళకి ఈయనంటే అంత ప్రేమ. నాకు లేదు గానీ నీళ్ళకుంది.”

“వింతగా ఉందమ్మా. ఊరేది గోడలోంచా, నేలలోంచా?”

“గోడలోంచి.”

“నిన్న నేలలోంచి అన్నావు.”

“రెండిట్లోంచీ అత్తయ్యా.”

“పైకప్పులోంచి కూడా అను, పనైపోతుంది.”

“గోడలోంచైతే సున్నం ఉబ్బి పెళ్ళలు ఊడతాయి బాబూ, తెల్లగా ఉప్పు పేరుతుంది. అలా ఉందా?”

“లేదండీ.”

“పోనీ నీళ్ళు బురదగా ఉంటాయా?”

“తేటగానే ఉంటాయి.”

“మట్టిలోంచి వచ్చే ఊట తేటగా ఉండదే...”

“ఒక్కోసారి నురగ కూడా ఉంటుంది నాయనా. పై మెట్టు దాకా సబ్బు వాసన కొడుతుంది, బట్టలుతికిన రోజున. మా నేల అంత శుభ్రమైన నేల.”

“అత్తయ్యా, ఆ చిన్నదే తీసుకుందాం. కొన్నాళ్ళు చూద్దాం.”

“చూడ్డానికి కొన్నాళ్ళు ఏవీ? మీ నాన్న వచ్చే వారమే దిగుతున్నాడు. నీకు తెలీదు కదూ నాయనా, ఈ హడావుడంతా మా వియ్యంకుడి కోసం. భార్య పోయింది. ఒక్కడూ పొయ్యి ముట్టించుకోలేడు. ఇక మా ఇంట్లోనే మకాం. వస్తే వచ్చాడు, రాత్రంతా దగ్గు! ఆ దగ్గు వింటూ నేను పడుకోలేను. అందుకని సెల్లారు బాగుచేయించి అక్కడ మంచం వేయిస్తానన్నాను. దగ్గుకి దూరం, చల్లదనానికి చల్లదనం.”

“సెల్లారులోనా? కిటికీ ఉందా అమ్మా?”

“గుప్పెడంత కంత ఉంది. పడుకునే మనిషికి కిటికీ దేనికి?”

“దగ్గు మనిషిని తీసుకెళ్ళి చెమ్మ గదిలో...”

“చెమ్మ లేకుండా చెయ్యమనేగా నీ దగ్గరికొచ్చింది! కన్నకొడుకు పక్కనే రాయిలా నిలబడ్డాడు, ఆయనకి లేని నొప్పి నీకెందుకు? ఏమయ్యా, మీ నాన్నని కింద పెడితే నీకేమైనా అభ్యంతరమా?”

“అది కాదత్తయ్యా...”

“ఏది కాదు?”

“అంటే... ముందు గది...”

“ఆఁ, ముందు గది. ముందు గదికేం? చెప్పు. ఖాళీగా ఉంది, గాలీ వెలుతురూ ఉంది. అయితే?”

“ముందు గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది. బాగుచేయించాలి.”

“ఫ్యానా!”

“అవునత్తయ్యా.”

“నీ తండ్రి ఎక్కడ పడుకుంటాడని అడుగుతుంటే నాకు ఫ్యాను సంగతి చెప్తున్నావా?”

“ఏం లేదు.”

“ఇంత పొడుగు మీసం ఎందుకు పెంచావో నాకు ఇప్పటికీ తెలీదు. దాని కింద నోరుందని గుర్తు కోసమా?”

“అమ్మా, ఒక్క మాట. మీ సెల్లారుకి సరిపడే మోటారు నా దగ్గర లేదు. ఇంకే కొట్టులోనూ దొరకదు. కొన్ని ఊటలంతే. ఎంత తోడినా మళ్ళీ వస్తాయి. అది మనుషులుండే గది కాదు, వదిలెయ్యండి.”

“ఓహో! బాబూ బాబూ అని అప్పుడే చుట్టరికం కలుపుకున్నావే. మోటార్లమ్ముకునేవాడు మోటారు వద్దనడం ఇవాళే విన్నాను. అల్లుడూ, నువ్వెళ్ళి బండి మాట్లాడుకు రా. పెద్ద మోటారే తీసుకెళ్దాం.”

“అత్తయ్యా, ఆయన చెప్తున్నాడు కదా...”

“ఆయన చెప్పాడు. నువ్వేం చెప్తావు?”

“బండి మాట్లాడుకొస్తాను.”

“వెళ్ళు. అడిగినంతకీ తల ఊపెయ్యకు, కాస్త బేరమాడు. వెళ్ళాడా? గుమ్మం దాటాడా?”

“దాటారమ్మా. అమ్మా, పెద్దవారు, కోపం తెచ్చుకోనంటే ఒకటి చెప్తాను. అది ఊట కాదు. ఆ నీళ్ళు ఎవరో...”

“బకెట్టుతో పోస్తున్నారు. పెరటి కుళాయి దగ్గర పట్టి, బట్టలుతికిన రోజైతే ఆ సబ్బునీళ్ళే ఎత్తి, తెల్లారకముందే. చెప్పులు చప్పుడవుతాయని చంకలో పెట్టుకుని మరీ దిగుతాడు. చీకట్లో జారి నడుం విరగ్గొట్టుకుంటాడేమోనని వంటింట్లో దీపం వేసి ఉంచుతున్నాను. ఆ దీపం ఎవరు వేశారని కూడా ఆలోచించడు, మొద్దు!”

“అన్నీ తెలిసి మరి ఈ మోటారెందుకమ్మా?”

“ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా ఎదురుచెప్పలేదు నాయనా. నేనేమంటే దానికి తల ఊపడమే. నా కూతురికి మొగుణ్ణి తెచ్చాననుకున్నాను, గొడుగు కర్ర తెచ్చాను. కన్నతండ్రి కోసమైనా నోరెత్తుతాడేమోనని కావాలనే సెల్లారు మాట తీశాను. నోరెత్తలేదు, బకెట్టెత్తాడు.”

“అడిగితే ముందు గది ఇస్తారా?”

“ఇచ్చేదేమిటి! అన్నయ్యగారికి అందులో కొత్త పరుపు వేయించి, తలగడ దగ్గర మంచినీళ్ళ చెంబుతో సహా పెట్టి, తాళం బొడ్డులో దోపుకు తిరుగుతున్నాను.”

“అయితే ఇప్పుడు ఏ మోటారు కట్టమంటారు?”

“అన్నిటికన్నా పెద్దది కట్టు. అది ఎంత తోడితే వాడు అంత మొయ్యాలి. చేతులు పడిపోయాకైనా నోరు లేస్తుందేమో చూస్తాను.”