గోనెపట్ట చాటున

1958. బెల్లంపల్లిలో గనికి పోయే దారి పక్కన ఒక చాయ్ దుకాణం. బోర్డులు రాసే అతను రంగుడబ్బాతో వచ్చి, లోపల గోనెపట్ట చాటున చాయ్ కాస్తున్న దుకాణపామెను పిలిచాడు.

“అక్కా, నీ బోర్డు మల్ల రాస్త. ఉత్తగనే.”

“రాసి రెండేండ్లే గదా అయింది. రంగు పోయిందా?”

“రంగు మంచిగనే ఉంది. రాతే తప్పు పడ్డది.”

“నాకు సదువు రాదు తమ్మీ. ఏం తప్పు?”

“పంతులు చీటీల ‘చాయ్ ఉంది. కుక్కలకు ప్రవేశం లేదు’ అని రాసిచ్చిండు. నేను సదివింది ఉర్దూ. తెలుగు అచ్చరాలను బొమ్మల లెక్క దించిన. నడుమ చుక్కను ఉర్దూల అచ్చరానికి పెట్టే నుక్తా అనుకొని, జాగ ఉన్నకాడ పెట్టిన.”

“పెడితే?”

“‘చాయ్ ఉంది కుక్కలకు. ప్రవేశం లేదు’ అయి కూసుంది. డ్యూటీ దిగినోళ్లంత అది సదివి నవ్వుకుంట లోపలికొస్తరు.”

“నీకెప్పుడు ఎరుకైంది?”

“తెలుగు నేర్సుకున్నంక. ఏడాదాయె. చెప్తే నాకెవ్వరు పనియ్యరని నోరు మూసుకున్న. తిట్టక్కా, పడ్త.”

“గా నవ్వు... బోర్డును చూసేనా?”

“మరి దేన్ని చూసి?”

“మొగడు పోయిన యాడాదికే దుకాణం పెట్టిన్నని, నన్ను చూసి నవ్వుతున్నరనుకున్న. అందుకే గీ పట్ట కట్టుకొని ఎన్కకు కూసున్న.”

అతను రంగుడబ్బా కింద పెట్టాడు.

“బోర్డు దించుత అక్కా. ఇప్పుడే దించుత.”

“బోర్డు తర్వాత. ముందుగాల గీ పట్ట ఇప్పు. రెండేండ్ల సంది పొగకు కండ్లు మండుతున్నయి.”